పుస్తకం మూసి పాడిన రోజులు

కరెంటు రాని రోజుల్లో డెల్టా పల్లెలోని క్రైస్తవులకు ఆస్తి ఏమిటని అడిగితే నేను మొదట చెప్పే పేరు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’. కొందరి ఇళ్ళల్లో బైబిలు లేకపోయినా ఆ పుస్తకం ఉండేది. పుస్తకం లేని ఇళ్ళు అంతకంటే ఎక్కువ. పాట రాని ఇల్లు మాత్రం ఉండేది కాదు. 1961 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో చదువు వచ్చినవాళ్ళు నూటికి 21 మంది. కూలినాలి చేసుకునే పేటల్లో, అందులోనూ ఆడవాళ్ళలో, ఆ లెక్క ఇంకా ఎంత కిందికి ఉండేదో ఊహించుకోవచ్చు. అలాంటి జనం వందల పాటల పుస్తకాన్ని నోట పెట్టుకుని బతికారు. ఇప్పుడు మనిషికో పుస్తకం, పుస్తకానికి తోడు సెల్‌ఫోన్, గోడ మీద తెర, తెర మీద అక్షరాలు. నోట మాత్రం పాట లేదు. ఆ తేడా ఎలా వచ్చిందో చూసినవాణ్ని కనుక నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నేను రేపల్లె తాలూకాలో ఒక లూథరన్ పల్లెలో పెరిగాను. హయ్యర్ అనే అమెరికా మిషనరీ 1842లో గుంటూరు వచ్చి పని మొదలుపెట్టాడు. ఆ పనే పెరిగి పెద్దదై 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంగా ఏర్పడింది. గుంటూరు, తెనాలి, నరసరావుపేట, సత్తెనపల్లి చుట్టుపట్ల పల్లెల్లో ఇప్పటికీ పెద్దవాళ్ళు లూథరన్ గుడిని ‘మిషను గుడి’ అంటారు. మా గుడికి మట్టి గోడలు, తాటాకు కప్పు. తర్వాత పెంకులు వేశారు. వారం రోజులూ అదే మిషను బడి, ఆదివారం గుడి. బడిలో పాఠం చెప్పే ఉపదేశిగారే ఆదివారం ఆరాధన జరిపించేవారు. పాస్టరుగారి కింద చాలా పల్లెలు ఉండేవి కాబట్టి ఆయన నెలకోసారి సైకిలు మీద వచ్చి ప్రభు భోజన సంస్కారం ఇచ్చి వెళ్ళేవారు. మిగిలిన ఆదివారాలన్నీ ఉపదేశిగారివీ, మా గొంతులవీ.

గుడిలో బల్లలు లేవు. ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు చాపల మీద కూర్చునేవాళ్ళు. ముందువరసలో పిల్లలం. ఉపదేశిగారు నంబరు చెప్పేవారు. మా అమ్మమ్మకు సంతకం రాదు, వేలిముద్రే. కాని నంబరు వినపడగానే అది ఏ పాటో ఆవిడకు తెలుసు. పుస్తకం తెరిచి వెతుక్కునే చదువుకున్నవాళ్ళ కంటే ముందే పల్లవి అందుకునేది. ఒక్కోసారి ఉపదేశిగారు ఎత్తిన శ్రుతి మరీ పైకి పోతే చరణం దగ్గర ఆడవాళ్ళ గొంతులు పట్టేసేవి. అప్పుడు అమ్మమ్మ ఏ మొహమాటమూ లేకుండా, “అయ్యగారూ, కాస్త కిందికి దించండయ్యా, రేపు నాట్లకు పోవాల” అనేది. ఆయన నవ్వి పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేవారు. అందరూ పాడగలిగిన శ్రుతే మా గుడికి శ్రుతి.

పాటలు వచ్చింది ఇంటి ప్రార్థనలో. దీపం పెట్టాక, అన్నాలకు ముందు, కిరసనాయిలు బుడ్డి చుట్టూ కూర్చోవాలి. చదవడం వచ్చిన పిల్లవాడు ఒకడు ఉంటే వాడే ఆ ఇంటికి బైబిలు. వాడు ఒక అధ్యాయం చదివేవాడు, పెద్దవాళ్ళు వినేవాళ్ళు. పాట దగ్గరికి వచ్చేసరికి పెద్దవాళ్ళే గురువులు. చరణంలో ఒక పాదం చెప్పి మా చేత అనిపించేవాళ్ళు. మాట తప్పితే ఊరుకుంటారేమో గాని వరస తప్పితే ఊరుకునేవాళ్ళు కాదు. వారానికో పాట బాగా వస్తే సండే స్కూల్లో రంగుల బొమ్మ కార్డు ఇచ్చేవారు. అమెరికా నుంచి వచ్చిన ఆ కార్డుల మీద గొర్రెపిల్లను ఎత్తుకున్న యేసు ఉండేవాడు. వెనక ఇంగ్లీషు అక్షరాలు మాకు అర్థం కావు. పాట మాత్రం మాదే.

ఆ పాటలు రాసినవాళ్ళ సంగతి పెద్దయ్యాక తెలిసింది. పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టారు, 1890 వరకు బతికారు. వైష్ణవ బ్రాహ్మణ కుటుంబం. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. అక్కడి నుంచి ఆయన ఉత్తరాంధ్ర అంతా తిరుగుతూ ప్రకటించారు, పాడారు, రాశారు. తెలుగు క్రైస్తవుల నోట ఎక్కువగా నానిన కీర్తనల్లో చాలా భాగం ఆయనవే. విశాఖపట్నం పులిపాక జగన్నాథం మరొకరు. ఆయనా బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చినవారే. వీళ్ళు పాట రాయడానికి దొరల నుంచి బాణీలు అడగలేదు. త్యాగయ్య, క్షేత్రయ్య పాటలు వినిపించే నేల మీద పెరిగినవాళ్ళు. పల్లవి, అనుపల్లవి, చరణాలు కట్టి కీర్తనే రాశారు. తాము చిన్నప్పుడు విన్న మంగళహారతినీ లాలిపాటనూ శతకపద్యాన్నీ దండకాన్నీ కొత్త దేవుడి ముందు పెట్టారు. అందుకే పుస్తకంలో చాలా కీర్తనల నెత్తిన రాగం, తాళం పేర్లు ఉంటాయి. తోడి, ముఖారి, ఆనందభైరవి, శంకరాభరణం, బిలహరి, నాదనామక్రియ. ఆది, రూపకం, త్రిపుట, ఆట, చాపు.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఆ కాలంలో మా పల్లెవాళ్ళకు ఊళ్ళోని గుడి మెట్లు ఎక్కే వీల్లేదు. సంగీత సభ అన్న మాటే మాకు తెలియదు. వీణ ముట్టుకున్నవాడు లేడు. అయినా కోత కోసి వచ్చిన ఆడమనిషి నోట ముఖారి పలికేది, గొడ్లకాడ కుర్రాడి నోట ఆనందభైరవి పలికేది. అది ముఖారి అని ఆవిడకు తెలియదు, ఆవిడకు అది క్రీస్తు శ్రమల పాట. విద్వాంసుడు వింటే గమకం నలిగిందనీ స్వరం జారిందనీ అనవచ్చు. నిజమే, తరాల నోట పడి కొన్ని రాగాలు అంచులు అరిగి మా పల్లె రాగాలయ్యాయి. కాని వేరే ఏ దారినా ఆ గడపలోకి రాని సంగీతం ఆ పుస్తకం దారిన వచ్చింది. ఆ కవులు చేసిన పనుల్లో అన్నిటికంటే గొప్పది ఇదేనని నాకు అనిపిస్తుంది. ఇంకో సంగతీ చెప్పాలి. మాలపల్లె గుడి వేరుగా, మాదిగపల్లె గుడి వేరుగా ఉండేవి. పెళ్ళిళ్ళు కలవవు, పొత్తులు కలవవు. పుస్తకం మాత్రం ఒక్కటే. రాత్రి పూట రెండు గుళ్ళలోనూ ప్రార్థన జరుగుతుంటే ఒకే పాట రెండు వైపుల నుంచీ వినిపించేది. పాట కలిపినంత మనుషులు కలవలేదు. అది మా సంఘం మీద మచ్చ, ఇవాళ్టికీ పూర్తిగా పోలేదు. లూథరన్లూ బాప్టిస్టులూ దక్షిణ ఇండియా సంఘంవాళ్ళూ సిద్ధాంతాల్లో ఎన్ని తగవులు పడినా అందరి గుళ్ళలోనూ ఉన్నది ఆ కీర్తనల పుస్తకమే.

మాకు పాటే గడియారం, పాటే పంచాంగం. తెల్లారగట్ల గంట కొట్టగానే ఉదయకాల స్తుతి. పొద్దుగూకాక సాయంకాల స్తుతి. ఆ పాటను ఈ పూట పాడితే పెద్దవాళ్ళు కసిరేవాళ్ళు. డిసెంబరు వచ్చిందంటే జనన కీర్తనలు, లాలిపాటలు. పండగ అయిపోయాక సరదా కొద్దీ ఆ లాలి ఎత్తుకుంటే, “పండగెళ్ళిపోయింది, ఇంక ఆపరా” అనేవాళ్ళు. ఈస్టరుకు ముందు శ్రమల కాలం నలభై రోజులూ పెళ్ళిళ్ళు ఉండవు, మంగళ పాటలు ఉండవు. శుక్రవారం శుక్రవారం రాత్రి గుడిలో క్రీస్తు శ్రమల కీర్తనలే. అవి నిదానంగా, ఒక్కో మాట మీద ఆగి ఆగి పాడవలసినవి. మట్టల ఆదివారం తాటిమట్టలూ కొబ్బరిమట్టలూ పట్టుకుని ఊరి చుట్టూ పాడుకుంటూ తిరిగితే గొంతులు కాస్త తెరిపిన పడేవి. మళ్ళీ మంచి శుక్రవారం నాడు పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటలు, మాటకో ప్రసంగం, ప్రసంగానికో పాట. ఏడో పాట అయ్యేసరికి ముసలమ్మల చెంగులు తడిసేవి. ఆదివారం తెల్లవారుజామున ఇంకా చీకటి ఉండగానే సమాధుల దగ్గరికి పోయి, పోయినవాళ్ళ మధ్య నిలబడి పునరుత్థాన కీర్తన ఎత్తితే ఆ పాటకు నలభై రోజుల బరువు ఉండేది. ఏడాది పొడుగునా ఏ పాట పడితే ఆ పాట పాడుకునేవాళ్ళకు ఆ రుచి తెలియదు.

గుడి బయట పాటకు ఇంకో బతుకు ఉంది. నాట్లప్పుడు ఆడవాళ్ళు వరసగా వంగి నాటు వేస్తూ ఊరి పాటలతో పాటు కీర్తనలూ పాడేవాళ్ళు. ఒకావిడ ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు వంత. గుడిలో ఆది తాళంలో తీరిగ్గా సాగిన కీర్తన మడిలో చేతి ఊపుకు తగ్గట్టు పరుగు అందుకునేది. పక్క మడిలో క్రైస్తవులు కాని ఆడకూలీలు ఉంటే వాళ్ళూ వంత కలిపేవాళ్ళు. వాళ్ళ పాట వీళ్ళు, వీళ్ళ పాట వాళ్ళు. రైతు గట్టు మీద నిలబడి, “ఆ యేసు పాట ఎత్తండమ్మా, పని సాగుతుంది” అనడం నేను విన్నాను. ఆయనకు భక్తి కంటే నాటు ముఖ్యం. పాటకు మాత్రం ఆ లెక్కలేవీ పట్టవు.

క్రిస్మస్ ముందు రాత్రుల సందడి ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, రంగు కాగితం అంటించి, లోపల దీపం పెట్టేవాళ్ళం. పెట్రోమాక్స్ లైటు ఒకటి అద్దెకు తెచ్చేవాళ్ళు. డోలక్, కంజీర, తాళాలు, చిడతలు. భజన బృందం ఇంటింటికీ తిరిగేది. నడివయసు మగవాళ్ళు అడుగుల భజన చేస్తే, ఆడపిల్లలు కోలాటం వేసేవాళ్ళు. కృష్ణుడి మీద పాడే కోలాటం వరసలోనే బేత్లెహేము పశువుల పాక దిగేది. ఆ ఇంటివాళ్ళు లేచి తలుపు తీసి, తాటిబెల్లం కాఫీ ఇచ్చి, కానుక డబ్బాలో చిల్లర వేసేవాళ్ళు. ఊళ్ళో పెద్దింటి అరుగు ముందు కూడా ఆగి పాడేవాళ్ళం. ఏడాదిలో మా వాళ్ళు అక్కడ చేతులు కట్టుకోకుండా నిలబడిన రాత్రి అదొక్కటే.

కోతలయ్యాక పంటల పండగ. ఇంటికొక బస్తానో కుంచమో ధాన్యం, గుమ్మడికాయ, కోడిపెట్ట, గుడ్లు గుడికి వచ్చేవి. ఆరాధన అయ్యాక వేలం. కోడిపుంజు ధర పెరుగుతున్నకొద్దీ మధ్యమధ్య స్త్రీల సమాజం వాళ్ళు స్తుతి పాట అందుకునేవాళ్ళు. ఆ వేలం డబ్బుతోనే ఉపదేశిగారి జీతంలో కొంత, గుడి కప్పు మరమ్మతు కొంత గడిచేవి.

మిషన్ కాంపౌండులో సంగీతం వేరు. అక్కడ కాలితో తొక్కే ఆర్గన్ ఉండేది. దొరసానులు వాయించేవాళ్ళు, హాస్టలు పిల్లలు నాలుగు గొంతులుగా విడిపోయి పాడేవాళ్ళు. ఆ నాదం గంభీరంగా ఉండేది, వింటుంటే ఒళ్ళు జలదరించేది. మా పుస్తకంలోనూ ఇంగ్లీషు, జర్మను బాణీలకు రాసిన తెలుగు పాటలు ఉన్నాయి. వాటిలో కొన్ని జనానికి బాగా పట్టాయి. చాలావాటితో చిక్కు ఏమిటంటే తెలుగు మాటకు మొదట్లో ఊనిక, చివర అచ్చు. ఇంగ్లీషు బాణీ చాలా చోట్ల ఊనిక లేని అక్షరంతో మొదలై రెండో దాని మీద బరువు వేస్తుంది. ఆ మూసలో పోసిన తెలుగు మాటలో పొట్టి అక్షరం సాగిపోయేది, పొడుగు అక్షరం నలిగిపోయేది. లఘువుకు గురువు బరువు, గురువుకు లఘువు తొందర. కాంపౌండులో చదువుకున్నవాళ్ళు దాన్ని నేర్చి పాడేవాళ్ళు. పల్లెకు వచ్చేసరికి మా అమ్మమ్మలు ఆ బాణీని మెల్లగా వంచి, తమకు కుదిరిన వరసలోకి తెచ్చుకుని పాడేవాళ్ళు. పాస్టరుగారు వచ్చిన ఆదివారం ఆయన ఒక వరస, జనం ఒక వరస. చివరికి ఎప్పుడూ జనమే గెలిచేవాళ్ళు.

అక్టోబరు 31న సంస్కరణ పండగ. దేవుణ్ని కోటతో పోల్చి మార్టిన్ లూథర్ రాసిన పాట ఆ రోజు తప్పనిసరి. జర్మను బాణీయే అయినా, ఏడాదికోసారి వచ్చే పాట అని కాబోలు, అందరూ కష్టపడి పాడేవాళ్ళు. ఆ పాట వెనక ఉన్న కథ ఉపదేశిగారు ప్రతి ఏటా చెప్పేవారు. లూథర్‌కు ముందు గుడిలో పాట ప్రధానంగా గురువులదీ గాయక బృందానిదీ. భాష లాటిను. జనం నిలబడి వినాలి. లూథర్ 1524లో జర్మను భాషలో పాటల పుస్తకాలు అచ్చు వేయించి జనం నోటికి పాట ఇచ్చాడు. పాడేవాడే ఆరాధించేవాడు అన్నది ఆయన తెచ్చిన మార్పు. ఆయన స్వయంగా పాటలు రాశాడు, వీణను పోలిన ల్యూట్ వాయించేవాడు. మా ఉపదేశిగారు ఈ కథ చెప్పి, “మీరు నోరు విప్పకపోతే మళ్ళీ పాతకాలానికి పోయినట్టే” అని హెచ్చరించేవారు. అప్పట్లో మాకది నవ్వులాట. నోరు మూయించడమే కష్టంగా ఉన్న పల్లె మాది.

రోమను కతోలికుల గుళ్ళలో ఆ మార్పు ఇంకా ఆలస్యంగా వచ్చింది. రెండో వాటికన్ మహాసభ 1963లో ఆరాధన పద్ధతుల మీద తీర్మానం చేశాకే అక్కడ ప్రజల భాషకు తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఫిరంగిపురం వైపు మాకు చుట్టాలుండేవాళ్ళు. పూజలో తెలుగు పాట మొదలైన రోజుల్లో వాళ్ళు మా ఇంటికి వచ్చి మా కీర్తనలు రాసుకుని పోవడం నాకు జ్ఞాపకం.

హార్మోనియం మా గుడికి ఆలస్యంగా వచ్చింది. యూరపులో పుట్టిన పెట్టెకు కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 19వ శతాబ్దంలో చేతి తిత్తి పెట్టి నేల మీద కూర్చుని వాయించేట్టు చేశాడు. నాటకాలవాళ్ళు దాన్ని తెలుగు దేశమంతా తిప్పారు. మన రాగాల గమకాలు అందులో పలకవని ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు దాన్ని దగ్గరికి రానివ్వలేదు. మా పెద్దలకు అభ్యంతరం వేరే. “నాటకాల పెట్టె గుళ్ళోకా?” అన్నారు. సంఘ పెద్దల కూడికలో చాలా సేపు వాదన జరిగింది. చివరికి పద్యనాటకాల్లో వాయించి రక్షణ పొందానని సాక్ష్యం చెప్పిన ఒకాయన పెట్టె పట్టుకుని గుడిలో కూర్చుని శ్రమల కీర్తన వాయిస్తే వాదన ఆగిపోయింది. తబలా వచ్చినా ఎవరూ ఏమీ అనలేదు.

డప్పు దగ్గర మాత్రం పట్టుదల సడలలేదు. దానికి కారణం ఉంది. ఊరి జాతరలో, చావులో డప్పు కొట్టడం, చచ్చిన గొడ్డును మోయడం కులం నెత్తిన పెట్టిన వెట్టి. 1878లో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన ఒంగోలు బాప్టిస్టు మిషను ప్రాంతంలో, క్రైస్తవులైన మాదిగలు జాతర డప్పు కొట్టం అన్నందుకు ఊరి పెద్దల కోపానికి గురై దెబ్బలు తిన్నారు. వెట్టిని వదిలించుకున్న చెయ్యి ఆ వాద్యాన్ని గుడిలోకి తేవడానికి వెనకాడటంలో తప్పేముంది? ఈ తరంవాళ్ళు డప్పును ఆత్మగౌరవ వాద్యంగా వేదిక ఎక్కించారు, కొన్ని గుళ్ళలోకీ తెచ్చారు. అదీ సరైనదే. రెండు తరాలూ ఒకే గాయానికి రెండు రకాలుగా మందు వేసుకున్నాయి.

గుడిలోకి దేన్ని రానివ్వాలన్న వాదన మా పల్లెదొక్కటే కాదు. దోర్నకల్‌లో బిషప్ అజరయ్య, 1912లో అభిషేకం పొందిన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్, ఈ దేశపు పాటనూ ఈ దేశపు కట్టడాన్నీ గుడిలోకి పిలిచిన మనిషి. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ దేవాలయాన్ని చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. గుడి గోపురం ఎలా ఉండాలన్న ప్రశ్నా, గుడిలో పాట ఎలా ఉండాలన్న ప్రశ్నా నిజానికి ఒక్కటే.

పాట బలం ఎంతో చావింట్లో తెలిసేది. ఎవరైనా పోతే గంట ఆగి ఆగి మోగేది. రాత్రంతా శవం దగ్గర వంతులవారీగా కూర్చుని పాడేవాళ్ళు. ఒక జట్టు గొంతు అలిసిపోతే ఇంకో జట్టు. ఏడుపు మధ్య పాట, పాట మధ్య ఏడుపు. మాట రాని చోట మనిషి ఏం చెయ్యాలో ఆ పాట చెప్పేది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఊడ్చేసినప్పుడు మా వైపు తీరం కూడా దెబ్బతింది. తర్వాత రోజుల్లో చాలా ఇళ్ళ దగ్గర ప్రసంగాలు లేవు. ఏం చెప్పాలో పాస్టరుగారికీ తెలియలేదు. అందరికీ నోటికి వచ్చిన భూస్థాపన కీర్తనలు ఉన్నాయి. దీపం లేని చీకట్లో, తడిసి ముద్దయిన పుస్తకాల అవసరం లేకుండా, జనం పాడారు. కంఠతా వచ్చిన పాటకూ తెర మీద చూసి పాడే పాటకూ తేడా అక్కడుంది.

మార్పు ఏ ఒక్క రోజునో రాలేదు. కరెంటు వచ్చింది, దాని వెనకే మైకు వచ్చింది. మైకు ఒక్కటే, గొంతులు వంద. సహజంగానే బాగా పాడేవాళ్ళ ముందుకు మైకు చేరింది. సీషెల్స్ దీవుల నుంచి ఫీబా రేడియో షార్ట్‌వేవ్ మీద తెలుగు కార్యక్రమాలు వినిపించేది. చెవి పెట్టి వింటే గరగర మధ్య మద్రాసు స్టూడియోల పాట. 1978లో విజయచందర్ ‘కరుణామయుడు’ వచ్చింది. అందులో బాలసుబ్రహ్మణ్యం పాడిన పాట మా జిల్లాలో వినపడని పల్లె లేదు. ఎడ్లబళ్ళు కట్టుకుని ఆ సినిమాకు పోయారు. పాట అందంగా ఉంది, మేమూ పాడుకున్నాం. కాని అప్పటి నుంచి చెవికి ఒక కొలత ఏర్పడింది. స్టూడియోలో వయొలిన్ల మధ్య పాడిన గొంతు ముందు ఉపదేశిగారి గొంతు బొంగురుగా వినిపించింది. తర్వాత కేసెట్లు, ఆ తర్వాత కీబోర్డు, డ్రమ్ సెట్టు, రిథమ్ ప్యాడు. కీబోర్డు వచ్చాక శ్రుతి వాయించేవాడి సౌకర్యాన్ని బట్టి మారింది. అమ్మమ్మ ఉంటే కిందికి దించమనేది.

ఈనాటి పాటల్లో మంచివి లేవని నేను అనను. నా మనవరాలు పాడే కొత్త పాటలు కొన్ని మాటలోనూ భావంలోనూ పాతవాటికి తీసిపోవు. ఒకప్పుడు ఆడవాళ్ళకు పాట ఎత్తే అధికారం ఉండేది గాని ముందు నిలబడి నడిపించే చోటు ఉండేది కాదు. ఇప్పుడు నడిపిస్తున్నారు. చదువు పెరిగింది, ప్రతి ఇంట్లో బైబిలు ఉంది. పాట మోయవలసిన బరువు తగ్గింది. పేదరికాన్ని పాటతో కప్పిపుచ్చి ఆ రోజులే బంగారమని చెప్పడానికి నాకు నోరు రాదు. నోట కీర్తనలున్న ఆ మనుషులకు కడుపునిండా తిండి లేదు.

అయినా పోయినదాన్ని పోయిందని చెప్పాలి. మొన్న మొన్నటి దాకా మా గుడిలో పాడటం అనే పనికి వినేవాళ్ళు లేరు, పాడేవాళ్ళే ఉన్నారు. ఇప్పుడు వేదిక మీద ఆరుగురు పాడుతుంటే కింద నాలుగు వందల మంది పెదాలు కదుపుతున్నారు. స్పీకర్ల హోరులో తన గొంతే తనకు వినిపించదు, పక్కవాడి గొంతు సంగతి సరేసరి. చాలామంది ఫోన్లెత్తి వీడియో తీస్తున్నారు. రికార్డు చేసిన వాద్యాల ట్రాకు ఎక్కడ ఆగితే పాట అక్కడ ఆగుతుంది. కరెంటు పోతే ఆరాధన ఆగుతుంది. లూథర్ గాయక బృందం చేతిలోంచి తీసి జనానికి ఇచ్చిన పాటను ఆయన పేరు పెట్టుకున్న సంఘాలే మళ్ళీ గాయక బృందానికి అప్పజెప్పాయి. ఇది సంగీతంలో వచ్చిన మార్పు ఒక్కటే కాదు. ఆరాధనలో మనిషి చోటు మారిపోయింది. పాట బాగుందా లేదా అన్నది రెండో ప్రశ్న. సంఘం పాడుతుందా లేదా అన్నది మొదటి ప్రశ్న.

నాకు తెలిసి ఇది చక్కదిద్దలేనిది కాదు, పెద్ద ఖర్చూ లేదు. పాస్టర్లకూ సంఘ పెద్దలకూ నా మనవి: నెలకు ఒక్క ఆదివారం స్పీకర్లు ఆపించండి. హార్మోనియం చాలు, అదీ లేకపోతే ఇంకా మంచిది. పుస్తకంలోంచి ఒక కీర్తన, దాని రాగం, అది రాసిన మనిషి పేరు చెప్పి పాడించండి. పిల్లలకు చరణం చరణంగా నేర్పండి. మీ సంఘంలో ఎనభై దాటిన అమ్మలు ఇంకా కొందరు ఉన్నారు. పుస్తకంలో రాగం పేరు అచ్చయింది గాని ఆ వరస అచ్చు కాలేదు, అది వాళ్ళ గొంతుల్లోనే ఉంది. సెల్‌ఫోన్లో రికార్డు చేసి పెట్టండి, ఆ పనికి అంతకంటే మంచి సాధనం లేదు. ఆలస్యం చేస్తే మిగిలేది పేజీ నెత్తిన రెండు మాటలు మాత్రమే.

చదువుతున్న మీకూ ఒక మాట. వచ్చే ఆదివారం ఆరాధనకు వెళ్ళినప్పుడు, గొంతు బాగున్నా లేకున్నా, నోరు విప్పి పక్కవాడికి వినపడేట్టు పాడండి.